పంకజాక్షి ప్రార్థన

యుద్ధం మొదలైన నెలలోనే మిషను దొరను పోలీసులు తీసుకుపోయారు. ఆయన జర్మనీవాడట. ఇరవై ఏళ్లుగా సత్యవేడు చుట్టుపక్కల పాళేల్లో సైకిలు తొక్కుతూ తిరిగి, జ్వరాలకు మందులిచ్చి, పెళ్లిళ్లు జరిపించి, పోయినవాళ్లను మట్టిచేసిన మనిషి ఒక్కరోజులో శత్రువు ఎట్లా అయ్యాడో ఊటపాళెంలో ఎవరికీ అంతుబట్టలేదు. బంగళా ముందు గుమిగూడి ఏడుస్తున్న జనం వైపు చూసి, పోలీసు మోటారు ఎక్కుతూ ఆయన ఒక్క మాట అన్నాడు: "దేవకమ్మా, ఆదివారం గంట మానొద్దు."

అంతమందిలో తన పేరే పిలిచాడని దేవకమ్మ చాలాకాలం పొంగిపోయింది.

ఆమె భర్త ఏకాంబరం ఊటపాళెంలో ఉపదేశిగా, దొర తరఫున వాక్యం చెప్పే మనిషిగా ఉండేవాడు. పెళ్లయిన కొత్తలో అరుగు మీద కూర్చోబెట్టి ఆమెకు అక్షరాలు నేర్పింది ఆయనే. దొర పోవడానికి ముందు ఏడాది ఆయన కామెర్లతో చనిపోతే, గుడి వెనక తంగేడు పొదల పక్కన పూడ్చారు. పిల్లలు లేరు. భర్త తర్వాత ఆమెకు ఇస్తూ వచ్చిన మిషను జీతమూ దొరతో పాటే పోయింది. దేవకమ్మ వారమంతా గంగాధరం చేలల్లో కలుపు తీసి, ఆదివారం ఉతికిన తెల్లచీర కట్టుకుని, గుడి ముందు వేలాడే రైలుపట్టా ముక్కను సుత్తితో కొట్టేది. పాళెం మొత్తం మీద పెద్ద పుస్తకం, బైబిలు, తడబడకుండా చదవగలిగింది ఆమె ఒక్కతే. తిరుపతి నుంచి ప్రేమానందం అయ్యగారు ఏడాదికి రెండుసార్లు వచ్చి, రొట్టె, ద్రాక్షరసం పంచి ప్రభువు బల్ల ఇచ్చి పోయేవారు. మిగిలిన ఆదివారాలన్నీ ఆమెవే. జబ్బుపడిన ఇంటికి ఆమెను పిలిచేవారు. కొత్తకుండలో మొదటిసారి నీళ్లు నింపే ముందు కూడా ఆమె వచ్చి ఒక మాట చెప్పాలి.

రంగూను మీద జపానువాళ్ల బాంబులు పడిన ఏడాది, ఎండలు ముదిరిన రోజుల్లో, సంఘపెద్ద కుప్పయ్య ఇంటికి ఆయన మేనకోడలు పంకజాక్షి వచ్చింది. పుట్టింది, పెరిగింది, పెళ్లయింది అన్నీ రంగూనులోనే. మొగుడు బియ్యం మిల్లులో కూలి. అడవుల వెంట, కొండల వెంట జనంతో కలిసి నడిచి వచ్చింది. మొగుడు దారిలోనే చనిపోయాడు. పాళెం చేరేసరికి కాళ్లకు గుడ్డలు చుట్టుకుని ఉంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు గానీ, ముందు జుట్టంతా నెరిసింది.

తొలి రోజున దేవకమ్మే ఆమెకు గంజి కాచి తాగించింది. కాళ్లకు పసుపు, ఆముదం పెట్టింది. "మన సంఘం ఉండాది గదమ్మే, నీకేమీ భయం లేదు" అంది. ఆ మాట నిజంగానే అంది.

మూడో ఆదివారం ఆరాధన అయిపోవస్తుండగా కుప్పయ్య, "మా పంకజ ఒగ ప్రార్థన చేస్తాదంట" అన్నాడు. దేవకమ్మ సరేనంది. పంకజాక్షి లేచి నిలబడలేదు. కూర్చున్నచోటే కొంగు తలమీదికి లాక్కుని మొదలుపెట్టింది.

దేవకమ్మ ప్రార్థన ఏకాంబరం నేర్పిన ప్రార్థన. ముందు స్తుతి, తర్వాత ఒప్పుకోలు, తర్వాత విన్నపం, చివర ఆమెన్. పంకజాక్షికి ఆ వరస లేదు. "నాయనా, వింటా ఉండావా?" అంది. పక్క గదిలో ఉన్న తండ్రిని పిలిచినట్టు. "మేము ఎండలో ఉండాము నాయనా. మా మొగోళ్లకు పనుల్లేవు. భారతమ్మ బిడ్డ పాలు తాగడంలేదు. నువ్వు చూస్తానే ఉండావని చెప్తారు. చూస్తే చాలదు నాయనా, దిగి రా." ఎవరో వెక్కారు. ఇంకెవరో వెక్కారు. దొరను తీసుకుపోయినప్పుడు కూడా కంట తడి పెట్టని కుప్పయ్య కండువా నోట్లో కుక్కుకున్నాడు.

దేవకమ్మ కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. ఆమె కొంగు సందులోంచి జనాన్ని చూస్తూ ఉంది.

ఆ రోజు ఆరాధన విడిచాక ఆడవాళ్లంతా పంకజాక్షి చుట్టూ చేరి నిదానంగా నడిచారు. ఎప్పుడూ దేవకమ్మతో నడిచేవాళ్లే. పుస్తకాన్ని గుడ్డలో చుట్టుకుని ఆమె ఒక్కతే ముందు నడిచింది. వెనక నుంచి ఎవరైనా "అక్కా, ఉండు" అంటారేమోనని అడుగు తగ్గించింది. ఎవరూ అనలేదు.

అక్కడ పడింది నిప్పు. పైకి కనపడేది కాదు. దేవకమ్మ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. కానీ పంకజాక్షి గుడికి ఎప్పుడు వచ్చింది, ఎవరి పక్కన కూర్చుంది, ఎవరు ఆమెకు చాప జరిపారు, అన్నీ ఆమె కళ్లలో పడుతూనే ఉన్నాయి. తాను వాక్యం చదువుతున్నప్పుడు జనం తనవైపు చూడ్డం లేదని, ఇది ఎప్పుడయిపోతుందా, పంకజాక్షి ఎప్పుడు నోరు తెరుస్తుందా అని కాచుకుని ఉన్నారని ఆమెకు అనిపించేది. అది నిజమే కూడా.

భారతమ్మ బిడ్డకు జ్వరం ఎక్కువైన రోజు దేవకమ్మ పిలుపు కోసం చూడకుండా తనే వెళ్లింది. గుడిసె వాకిట్లో భారతమ్మ ఎదురొచ్చి, "వచ్చినావా అక్కా, కూసో. లోపల పంకజ ప్రార్థన చేస్తా ఉండాది. బిడ్డకు ఇప్పుడే కన్నంటుకునింది, నిద్దర పోతా ఉండాది" అంది.

"నన్ను పిలవలేదే?"

"నువ్వు చేనికి పోయింటావని..." భారతమ్మ చూపు తిప్పుకుంది.

"నేను యాడికీ పోలేదు. ఇంట్లోనే ఉండాను." ఆ తర్వాతి మాట తన నోట్లోంచి వస్తుందని దేవకమ్మ అనుకోలేదు. "సూడు భారతీ, ప్రార్థన అంటే ఏడుపు కాదు. ఏడిస్తే దేవుడు వింటాడనుకుంటే, ఏడ్చేదానికి కూలికి మనుషుల్ని పెట్టుకోవచ్చు."

లోపల ప్రార్థన ఆగింది. గోడ పల్చటి తడిక. పంకజాక్షి విన్నదని ఇద్దరికీ తెలుసు. దేవకమ్మ కూర్చోకుండానే తిరిగి వచ్చేసింది. బిడ్డ నాలుగు రోజులకు కోలుకుంది. కోలుకున్నందుకు సంతోషం, పంకజాక్షి చేతి కింద కోలుకున్నందుకు మంట, ఈ రెండూ ఆమెకు ఒక్కసారే కలిగాయి.

ఆ వారం వేరుశనగ చేలో ఒంటరిగా కలుపు తీస్తున్నప్పుడు దేవకమ్మ చుట్టూ చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకుని, "నాయనా, వింటా ఉండావా?" అంది. తన గొంతు తనకే వేషం వేసినట్టు వినిపించింది. మళ్లీ ప్రయత్నించింది. ఏకాంబరాన్ని తలుచుకుంది, ఏడుపు వస్తుందేమోనని. రాలేదు. ఎవరో దొంగతనంగా పట్టుకున్నట్టు సిగ్గు కమ్మి, గబగబా కలుపు పీకుతూ ఇంకా కాయకు రాని వేరుశనగ మొక్కలు కూడా నాలుగు పీకేసింది.

అప్పుడే గంగాధరం సంగతి వచ్చి పడింది.

ఊటపాళెం చుట్టూ ఉన్న భూములన్నీ ఆయనవే. చెడ్డవాడని ఎవరూ అనరు. కూలి ఎగ్గొట్టడు, చేయి చేసుకోడు. కానీ యుద్ధంలో నూనెగింజల ధర పెరిగింది, బండిదారి పక్కన సరుకు నిలవ చేసుకోవడానికి కొట్టం కావాల్సి వచ్చింది. ఆ దారి పక్కన మెరకగా ఉన్న జాగా గుడి జాగా. ఒక ఆదివారం ఆరాధన విడిచే వేళకు ఆయన వచ్చి, లోపలికి రాకుండా, గొడుగు కింద నిలబడ్డాడు.

"కుప్పయ్యా, ఈ నేల మా నాయన నోటిమాటగా దొరకు ఇచ్చినాడు. కాగితం లేదు. ఇప్పుడు దొరా లేడు, నాయనా లేడు. రేపు తెల్లోళ్లుంటారో, జపానోళ్లొస్తారో నాకు తెలీదు, నీకూ తెలీదు. వంక అవతల మీకు ఇంకో తావు సూపిస్తా. వచ్చే ఆదివారానికి ఒగ మాట చెప్పండి."

"ఆ పక్కన సమాధులున్నాయి సామీ" అన్నాడు కుప్పయ్య.

"వాటి జోలికి నేనెందుకు పోతాను? వాటి పైన గోడ రాకుండా చూస్తా." కొంచెం ఆగి, మెత్తగానే అన్నాడు. "కాదంటారా, మీ ఇష్టం. పనికి వేరే ఊరోళ్లను పిలుచుకుంటాను."

వంక అవతల తావు ప్రతి వానకూ మునిగే బురద. అందరికీ తెలుసు. ఆ వారం పాళెంలో ఇంకో మాట లేదు. పోనీలే, దేవుడు గోడల్లో ఉంటాడా అని కొందరు. దొరే పోయాక మనకెందుకు ఈ తంటా, గంగజాతరకు మునుపటిలాగా పోయి పలక డప్పులు కొట్టుకుందాం, కూలైనా మిగుల్తుందని ఇంకొందరు. అందరూ పంకజాక్షి ఏమంటుందో అని చూశారు. పంకజాక్షి గుడి ఇవ్వొద్దు అంది.

ఆ సంగతి చెవిన పడగానే దేవకమ్మ మనసులో మొదట మెదిలిన మాట ఇది: పోతే పోనీ. గుడి లేకపోతే యాడ కూర్చుని ఏడిపిస్తుందో చూద్దాం.

ఒక్క క్షణమే. మరుక్షణం తన ఆలోచనకు తనే అదిరిపోయింది. ఏకాంబరం మట్టి పిసికి కట్టిన గోడలు. తాను అలికిన నేల. వాటిని తన చేతులతో తనే పడగొట్టుకోవడానికి సిద్ధపడింది, ఇంకొకామె గెలవకూడదని. అదిరిపోయింది గానీ, ఆ కోరిక మాత్రం పోలేదు. లోపల ఒక మూల ముడుచుకుని కూర్చుంది. ఆదివారం రాగానే ఒంట్లో బాగాలేదని చెప్పి, సుత్తిని కుప్పయ్య ఇంటికి పంపించి, చాప మీద పడుకుంది.

ఆ రోజు గంట వేరే ఎవరో కొట్టారు. దెబ్బ దెబ్బకూ తేడాగా, అడ్డదిడ్డంగా మోగింది. తర్వాత పాట. తర్వాత మాటలు, ఒకరి మీద ఒకరు పడుతూ. దేవకమ్మ కప్పు కేసి చూస్తూ పడుకుంది. తాను లేకుండా ఎట్లా జరుగుతుందో తెలుసుకోవాలని ఒళ్లంతా చెవులై ఉంది.

తలుపు దగ్గర నీడ పడింది. పంకజాక్షి.

"అక్కా, లేస్తావా?"

"ఒళ్లు బాగలేదని చెప్పినా గదా."

"చెప్పినావు." పంకజాక్షి గడపలోనే కూర్చుంది. "ఆడ అందరూ తలా ఒగ మాట అంటా ఉండారు. పుస్తకంలో ఏముండాదో చదవమ్మా అని మామ నన్ను అడిగినాడు."

"చదవొచ్చు గదా. నీకేమి తక్కువ?"

"నాకు అక్షరం రాదక్కా."

దేవకమ్మ లేచి కూర్చుంది. రంగూను వంటి పట్నంలో పెరిగిన మనిషికి చదువు వచ్చే ఉంటుందని, ఇవాళో రేపో ఆ పుస్తకం కూడా తన చేతిలోంచి పోతుందని ఇన్నాళ్లూ కాపలా కాస్తూ వచ్చింది. పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని పంకజాక్షి పాడుతుంటే చదువుతోందనే అనుకుంది.

"మా నాయన ఆడపిల్లకెందుకన్నాడు. పాటలు విని నేర్చుకున్నా. అట్టనే నోటికొచ్చింది మాట్లాడతా. అది ప్రార్థనో, ఏడుపో నాకూ తెలీదు." ఆ చివరి మాట ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. అదే దేవకమ్మకు ఎక్కువ గుచ్చుకుంది.

"ఆ పొద్దు విన్నావు గదా నువ్వు."

"విన్నా. నువ్వన్నదాంట్లో అబద్ధం లేదులే." పంకజాక్షి గడప చెక్క మీద గోటితో గీస్తూ ఉంది. "నీకొకటి చెప్పనా అక్కా? ఈ ఊరికొచ్చిన కాడ్నించి నిన్ను చూస్తే నాకు కడుపు రగిలిపోతా ఉండాది."

"నన్ను చూస్తేనా?"

"శనివారం శనివారం నువ్వు సమాధి కాడికి పోయి ఊడ్చి, నీళ్లు చల్లి వస్తావు. నేను మామ ఇంటి వాకిట్లోంచి చూస్తా ఉంటాను. మా ఆయన్ని దారి పక్కన పండబెట్టి ఆకులు కప్పి వచ్చేసినా. కప్పినానో, కప్పకుండానే వచ్చేసినానో కూడా ఇప్పుడు సరిగా గుర్తుకు రాదు. ఎనక జనం తోస్తా ఉండారు. నీకు ఊడ్చుకునేదానికి మన్నన్నా ఉండాది. ఆ మన్ను కాడ గోడ లేస్తాదంటే నువ్వు పడుకోనుండావే అని నాకు ఒళ్లు మండి వచ్చినా."

తన దగ్గర ఇంకొకరు అసూయ పడేంతటిది ఏదైనా ఉందని దేవకమ్మకు ఎన్నడూ తోచలేదు. మొగుడి సమాధిని భాగ్యంగా చూసే కళ్లు ఎంత చూసి వచ్చాయో! లేచి, ముఖం కడుక్కుని, గుడ్డలో చుట్టిన పుస్తకం తీసింది.

"పద" అంది. ఇద్దరూ నడిచారు గానీ, చేతులు పట్టుకోలేదు. దేవకమ్మ రెండడుగులు ముందే నడిచింది.

గుడిలో ఆమెను చూడగానే గోల తగ్గింది. ఆమె పుస్తకం విప్పి, ఒక రాజు తన కోట పక్కనున్న పేదవాడి ద్రాక్షతోట అడిగిన కథ చదివింది. ఇంతకంటే మంచి తోట ఇస్తానన్నాడు రాజు. తాతతండ్రుల సొత్తు ఇవ్వనన్నాడు తోటవాడు. అందరూ కదలకుండా విన్నారు.

"అప్పుడు ఆ మనిషి ఏమైనాడు?" అన్నాడు కుప్పయ్య.

దేవకమ్మకు ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. దాటవేయాలనీ అనిపించింది. దాటవేయలేదు. "రాళ్లతో కొట్టి చంపినారన్నా."

ఇదా ధైర్యం చెప్పే వాక్యం అన్నట్టు జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తాను మొత్తం చెడగొట్టానని దేవకమ్మ అనుకుంది. అప్పుడు వెనక నుంచి పంకజాక్షి గొంతు వచ్చింది.

"సచ్చిపోయినాడు. అయినా ఈ పొద్దుటికీ అది ఆయన తోట అనే గదా చదవతా ఉండారు. రాజు తోట అని ఎవురన్నా అంటా ఉండారా?"

ఆ మాట తనకు ఎందుకు తోచలేదా అని దేవకమ్మ గుండెలో చురుక్కుమంది. అంత పెద్ద గడియలోనూ చురుక్కుమంది. కానీ ఆ మాటకు ముందు వాక్యం చదివింది తానే. ఆ సంగతి గట్టిగా పట్టుకుంది.

సాయంత్రం కుప్పయ్య ఇంకో నలుగురు పెద్దలతో గంగాధరం ఇంటికి పోయి, నేల ఇవ్వలేమని చేతులు జోడించి చెప్పి వచ్చాడు. గంగాధరం అరవలేదు. "సరే" అన్నాడు. మర్నాటి నుంచి ఆయన చేలల్లోకి వేరే ఊళ్ల కూలీలు దిగారు.

తర్వాత గడిచిన నెలలు మంచివి కావు. మద్రాసుకు పోయే వంటచెరకు కోసం శ్రీహరికోటలో సవక (సరుగుడు) చెట్లు నరికే పని ఉందని విని మగవాళ్లు అటు పోయారు. దోమలు, ఉప్పుగాలి, పడవల్లోకి మోత. ఇద్దరు చలిజ్వరాలతో తిరిగొచ్చారు. ఆడవాళ్లు తంగేడు చెక్క కొట్టి తోళ్లు పదును చేసే షాపులకు అమ్మారు. రాగిసంకటి పల్చబడి గంజి అయింది. అయినా ఆదివారం గంట ఆగలేదు. దేవకమ్మ వాక్యం చదివేది, పంకజాక్షి ప్రార్థన చేసేది. జర్మనీవాళ్లను పెట్టిన క్యాంపులో దొర బతికే ఉన్నాడో, యుద్ధం ఏ ఒడ్డుకు చేరుతుందో, మళ్లీ ఎవరైనా వస్తారో రారో తెలియని మనుషులు ఆ మట్టిగోడల మధ్య గంటసేపు కూర్చుని, లేచి, మళ్లీ వారానికి సరిపడా ధైర్యం మూటగట్టుకుని పోయేవారు.

కాయ తీసే కాలానికి బయటి కూలీలు చాలక గంగాధరం ఇబ్బందిపడ్డాడు. అందరూ యుద్ధం పనులకు పోతున్నారు. చివరికి ఆయన భార్య చంద్రకాంతమ్మ పెరటి దారిన భారతమ్మకు కబురు పంపింది, ఆడవాళ్లను కాయలు కొయ్యడానికి రమ్మని. వెళ్లారు. గుడి మాట ఆయన ఎత్తలేదు, వీళ్లూ ఎత్తలేదు. కొట్టం ఆయన ఇంటి వెనకే లేచింది.

క్రిస్మసుకు ప్రేమానందం అయ్యగారు తిరుపతి నుంచి వచ్చి, బల్ల ఇచ్చాక, అందరినీ చూసి అడిగారు: "చాలా చోట్ల సంఘాలు చెదిరిపోయినాయి. మీరు ఎట్లా నిలబడినారు?"

"మా పంకజ ప్రార్థనయ్యా" అన్నాడు కుప్పయ్య. "దేవకమ్మ కూడా చదివింది లెండి."

కూడా! ఆ ఒక్క మాట దేవకమ్మను క్రిస్మసు పూటంతా ముల్లులా పీడించింది. మూడేళ్ల గంట, మూడేళ్ల వాక్యం, అన్నీ కలిపి ఒక 'కూడా'. పొయ్యి ముందు కూర్చుని దేవుడితో ఆమె వాదం పెట్టుకుంది. స్తుతి మరిచిపోయింది, వరస మరిచిపోయింది. "నాకు కనపడేదంతా నీకు కనపడదా? ఆ పిల్లంటే నాకు పడదు. పడకుండా ఎన్నాళ్లుండమంటావు? నా వల్ల కాలేదు, నువ్వే తీసెయ్యి" అంది. అంటూ ఉండగా ఏడుపొచ్చింది. తాను ప్రార్థిస్తున్నానని అప్పటికి గాని ఆమెకు తెలియలేదు.

ముల్లు పోలేదు. మర్నాడూ ఉంది.

సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం పంకజాక్షి వచ్చి, "అక్కా, నాకు చదువు నేర్పిస్తావా?" అని అడిగింది. దేవకమ్మ ఆ రోజు తీరిక లేదంది. ఇంకోసారి కళ్లు మండుతున్నాయంది. మూడోసారి పంకజాక్షి అడగలేదు, వచ్చి అరుగు మీద ఊరికే కూర్చుంది. దేవకమ్మ ఇంట్లోంచి చూసింది. ప్రార్థన ఆ పిల్లదే. జనమూ ఆ పిల్ల వైపే. మిగిలింది అక్షరం. అదీ ఇచ్చేస్తే తనకంటూ ఏముంటుంది? జవాబు దొరకకుండానే ఇసుక తెచ్చి అరుగు మీద పరిచి, పంకజాక్షి చూపుడువేలు పట్టుకుని 'అ' దిద్దించింది. ఆ వేలు తన వేళ్లకన్నా గరుకుగా ఉంది.

నేర్పడంలో దేవకమ్మ కనికరం చూపలేదు. తప్పు చెబితే మొట్టికాయ వేసేది. అందులో కొంత పాత కోపం కూడా తీరేది. పంకజాక్షి తల తడుముకుని నవ్వి మళ్లీ మొదలుపెట్టేది. కొన్నాళ్లకు ఆ నవ్వు కోసం దేవకమ్మ మధ్యాహ్నం పని తొందరగా ముగించుకోవడం మొదలుపెట్టింది.

ఈస్టరు రోజు తెల్లవారుతుండగా సమాధుల దగ్గర అందరూ కూడారు. దేవకమ్మ పుస్తకం విప్పి, చదవాల్సిన చోట వేలు పెట్టి, పంకజాక్షి చేతికిచ్చింది. జనంలో గుసగుసలు లేచాయి. పంకజాక్షి ముఖం పాలిపోయింది. స్త్రీలు పొద్దున్నే సమాధి దగ్గరికి బయలుదేరిన కథ అది. ఆమె ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ, బండరాళ్ల మీద నడిచినట్టు చదువుకుంటూ పోయింది. 'సుగంధద్రవ్యములు' దగ్గర ఆగిపోయింది.

"సు... గం..." మళ్లీ మొదటికి వచ్చింది. "సుగంధ..."

అందరి కళ్లూ దేవకమ్మ వైపు తిరిగాయి. ఆ చూపులు ఎంతకాలానికి వచ్చాయి! ఆమె వాటిని కాసేపు ఒంటిమీద ఎండలా పడనిచ్చింది. కొంచెం ఎక్కువసేపే పడనిచ్చింది. పంకజాక్షి పుస్తకంలోంచి తలెత్తి ఆమె వైపు చూసింది.

దేవకమ్మ ముందుకు వంగి, ఇంకెవరికీ వినపడకుండా ఆ మాట అందించింది. పంకజాక్షి దాన్ని అందుకుని, గొంతు పెంచి, చదువుకుంటూ ముందుకు పోయింది.